ఒక్క రిబ్బన్‌తో జట్టులోకి వచ్చినప్పుడు

చిన్నారీ,

రిథమిక్ జిమ్నాస్టిక్స్ రాష్ట్ర జట్టులో నిన్ను రిబ్బన్ ఒక్కదానికే తీసుకున్నారని, మిగతా మూడింటికీ, అంటే హూప్ (రింగు), బాల్, క్లబ్స్ (చిన్న గదల జత)కు, రిజర్వ్ అన్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదట. ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పినదాన్ని, ఇలాంటి కన్నీళ్ళు చాలా చూశాను. కానీ ఏడ్చేది నువ్వు అనేసరికి ఉండబట్టలేక రాస్తున్నా.

రష్యా అమ్మాయి ఎవ్‌గెనియా కనాయెవా వీడియోలు నీకు నేనే చూపించాను. అవన్నీ ఆమె ఛాంపియన్ అయ్యాక తీసినవి. అంతకు ముందు సంగతి విను. 2007లో బాకూలో యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్ జరిగినప్పుడు ఆమెకు 17 ఏళ్ళు. రష్యా జట్టులోని అలీనా కబయేవాకు గాయమైతే ఆ చోటులోకి ఈ పిల్లను తీసుకున్నారు. జట్టులో కప్రనోవా, సెసినా లాంటి పేరున్న వాళ్ళు ఉన్నారు. ఈమెకు ఇచ్చింది ఒక్క రిబ్బనే. దానితోనే జట్టు బంగారంలో తన వంతు చేసింది, రిబ్బన్ ఫైనల్లోనూ బంగారం గెలిచింది. మరుసటి ఏడాది బీజింగ్‌లో ఒలింపిక్ ఛాంపియన్ అయింది. అంటే ఆ ఏడాదిలో మిగతావి నేర్చుకుందని కాదు. పిలుపు వచ్చేనాటికే అన్నీ చేతిలో ఉన్నాయి, అడిగింది మాత్రం ఒక్కటి. అందుకే హూప్, బాల్, క్లబ్స్ మూలన పెట్టకు. రోజూ కొంచెంసేపైనా పట్టుకో.

ఇక రిబ్బన్. నీ జూనియర్ రిబ్బన్ 5 మీటర్లు, సీనియర్లకు 6. విశాఖలో సముద్రపు గాలికి అది తేమ పీల్చి బరువెక్కుతుంది, చెమట తగిలితే ఒంటికి అతుక్కుంటుంది. పొద్దున ప్రాక్టీసులో బాగా వచ్చిందని మురిసిపోకుండా సాయంత్రం ఉక్కలో కూడా చెయ్యి. పోటీకి ముందురోజు ఇస్త్రీ చేసి, చుట్ట చుట్టి దాచుకో. హాల్లోకి వెళ్ళగానే ఏసీ గాలి, ఫ్యాన్ గాలి ఎటు నుంచి వస్తున్నాయో చూడు. పైకి విసిరిన రిబ్బన్‌ను ఆ గాలే పక్కకు లాగుతుంది. పాము మెలికలు వేసేటప్పుడు నీ భుజం కదులుతోంది, వీడియోలో చూశాను. కదలాల్సింది మణికట్టు. స్టిక్‌ను పిడికిలి బిగించి పట్టుకుంటున్నావు, అందుకే చివరి మెలికలు చచ్చుబడుతున్నాయి. వేళ్ళు వదులు చెయ్యి.

ముడి పడుతుంది. ఎవరికైనా పడుతుంది. వారంలో ఒకరోజు నువ్వే ముడివేసి, మ్యూజిక్ పెట్టి, విప్పుకుని ప్రోగ్రామ్‌లో మళ్ళీ కలవడం ప్రాక్టీస్ చెయ్యి. చేజారిన దాన్ని అందుకోవడం కూడా ఇలాగే నేర్చుకోవాలి. ఎంత దూరం పరుగెత్తితే అంత ఎక్కువ మార్కులు పోతాయి కాబట్టి, ఎటు పడిందో చూడకముందే కాలు కదపకు. ప్రోగ్రామ్ మొత్తం ఒకటింపావు నుంచి ఒకటిన్నర నిమిషం. టెన్షన్‌లో పోగొట్టుకున్న మూడు సెకన్లు మళ్ళీ దొరకవు.

కనాయెవా 2009లో జపాన్‌లోని మియెలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో ఉన్న 6 బంగారాలూ గెలిచింది. 2010లో మాస్కోలో, సొంత జనం ముందు, ఆల్ అరౌండ్ (నాలుగింటి మార్కులూ కలిపి చూసే పోటీ) గెలిచినా అన్నీ రాలేదు. 2011లో ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో మళ్ళీ ఆరుకు ఆరు. నాకు ఆ మధ్య ఏడాది మీదే గౌరవం ఎక్కువ. 2012లో లండన్‌లో 116.900తో రెండో ఒలింపిక్ బంగారం అందుకున్న రోజున కూడా, నాలుగింటిలో తక్కువ మార్కులు వచ్చింది రిబ్బన్‌కే, 28.900. తనను జట్టులోకి తెచ్చిన రిబ్బన్ అన్నమాట! రిథమిక్ జిమ్నాస్టిక్స్ వ్యక్తిగత ఆల్ అరౌండ్‌లో రెండు ఒలింపిక్ బంగారాలు ఆమెకు ముందు ఎవరూ గెలవలేదు.

ఆ ఏడాది చివర్లోనే, 22 ఏళ్ళకు, ఆమె ఆట మానేసింది. ఈ ఆట వయసు అంత చిన్నది. అందుకని స్కూలు పరీక్షలు వదిలెయ్యకు. అన్నం మానెయ్యకు. సన్నగా కనిపించాలని పస్తులున్న పిల్లల ఎముకలు పెళుసైపోవడం నేను చూశాను. నెలసరి ఆగిందంటే అది క్రమశిక్షణ కాదు, ఒంటికి తిండి చాలడం లేదని అర్థం. వెంటనే అమ్మకు చెప్పు, డాక్టర్ దగ్గరకు వెళ్ళండి. ఒకసారి నా దగ్గర నేర్చుకునే అమ్మాయి మడమ వాచి ఉంటే, పోటీ దగ్గర పడిందని నేను పట్టించుకోలేదు. అది దాచింది, నేను అడగలేదు. ఆర్నెల్లు మంచాన ఉంది. ఆ తప్పు నాది. నొప్పి వస్తే నువ్వు దాచకు.

మన దగ్గర ఈ ఆటను ఎవరు చూస్తారని మీ నాన్న అన్నాడట. హైదరాబాద్ అమ్మాయి మేఘనా రెడ్డి 2018లో గోల్డ్ కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో ఇదే ఆట ఆడిందని వాడితో నేను మాట్లాడతాలే.

పార్సిల్‌లో కొత్త స్టిక్ పంపిస్తున్నాను. రిబ్బన్ తగిలించే చిన్న కొక్కెం నున్నగా తిరుగుతోందో లేదో ముందు చూసుకో. బిగుసుకుపోతే ముళ్ళు అక్కడే మొదలవుతాయి. ఆదివారం సాయంత్రం ఉక్కలో చేసిన వీడియో పెట్టు, మణికట్టు మాత్రమే చూస్తాను.

మీ అత్త