రోల్ లేబుల్ జాగ్రత్త, బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బోడుప్పల్‌లో నువ్వు షాపు తెరిచావని నాకు ముందే తెలుసు. మొదటి పెద్ద ఆర్డర్‌కి కొన్న వినైల్ రోల్, అదే బోర్డుకి అంటించే స్టిక్కర్ షీటు, అప్పుడే అంచులు లేచిపోతోందని, డీలర్ చేతులెత్తేశాడని, నువ్వు పొద్దున్నే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కడిగి పారేస్తానని కూర్చున్నావని మాత్రం నిన్ననే తెలిసింది. సైన్ బోర్డుల పని మన ఇంట్లో మీ మామయ్యతోనే ఆగిపోయిందనుకున్నాను. ఆయన మేనకోడలు అక్షరాలు కోసే ప్లాటర్ ముందు నిలబడిందంటే నా గుండె నిండిపోయింది. కానీ కోపంలో నువ్వు కూడా ఆయన లాగే ఉన్నావని విన్నాక నిద్ర పట్టక లేచి ఇది రాస్తున్నాను. చదివేదాకా ఫోన్ చేయకు.

ముందు తప్పు రోల్‌దా, మన పనిదా అన్నది నీ అంతట నువ్వు తేల్చుకో. వాళ్లు మొదట అడిగేది అదే. ప్రింట్ అయ్యాక ఎంతసేపు ఆరనిచ్చావు? సాల్వెంట్ ఇంకు అయితే రోల్ వదులుగా విప్పి కనీసం ఒక రోజు ఆరబెట్టాలి. ఆరకముందే పైన లామినేషన్ పొర వేస్తే ఆ సాల్వెంట్ లోపలే చిక్కుకుని కింద గమ్‌ని మెత్తబరుస్తుంది, అంచులు ముడుచుకుంటాయి. వినైల్ అంటించే ఏసీపీ షీటు, ఆ అల్యూమినియం పలక, దేనితో తుడిచావు? మన ఊరి దుమ్ముకి ఉత్త గుడ్డ చాలదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరాక అంటించాలి. ఇంకొకటి, రోల్ ఏ రకమో చూశావా? మోనోమెరిక్ అనే చవక రకం వినైల్‌కి కుంచించుకుపోయే గుణం ఎక్కువ. ఏళ్ల తరబడి ఎండలో ఉండే బోర్డుకి అది వాడితే వాళ్లు డేటా షీట్ తీసి నీ ముందు పెడతారు, అక్కడితో కథ ముగిసినట్టే. ఎక్కువ కాలం నిలిచే పాలిమెరిక్ అని చెప్పి అమ్మి ఉంటే బిల్లు మీద ఆ మాట ఉందో లేదో చూసుకో.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే ఒక పని చెయ్యి. అదే రోల్ నుంచి ప్రింట్ లేని ముక్క అరచేతంత కోసి, శుభ్రం చేసిన ఏసీపీ ముక్క మీద అంటించు. దాని పక్కనే వేరే లాటు, అంటే వేరే విడతలో తయారైన వినైల్ ముక్క ఒకటి అంటించి, రెండింటినీ మేడ మీద ఎండలో పెట్టు. నీ ఇంకు లేదు, నీ లామినేషన్ లేదు. అయినా ఆ రోల్ ముక్క కుంచించుకుపోయి, పక్కది నిలబడితే ఇక వాళ్లు నీ పని మీదకి నెట్టలేరు. కుంచించుకున్న వినైల్ ఎలా ఉంటుందో దగ్గరగా చూడు. అంచు వెనక్కి జరిగిన చోట సన్నని గమ్ గీత బయటపడి ఉంటుంది, దానికి దుమ్ము పట్టి పెన్సిల్‌తో గీసినట్టు నల్లగా కనిపిస్తుంది. పక్కన స్కేలు పెట్టి, రెండు ముక్కలూ ఒకే ఫోటోలో వచ్చేలా తీసుకో.



ఇప్పుడు అసలు సంగతి. రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టం, దాని లోపల అంటించిన లాట్ నంబర్ స్టిక్కర్, వచ్చిన డబ్బా. వీటిలో ఏదీ పారేయకు. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో నీకు తెలియదు. అప్పుడు నువ్వు బాగా చిన్నదానివి.

మా షాపు చిక్కడపల్లిలో ఉన్న రోజులవి. ఒక మందుల షాపు ఆయన తన బ్రాంచీలన్నిటికీ గ్లో సైన్ బోర్డులు మనకే ఇచ్చాడు. తెల్లటి యాక్రిలిక్ మీద ఎర్ర వినైల్ అక్షరాలు, లోపల ట్యూబ్‌లైట్లు. మొదటి రోల్‌తో కొన్ని బోర్డులు, అది అయిపోతే రెండో రోల్‌తో మిగతావి చేశారు. ఆ ఒక్క వానాకాలంలోనే రెండో రోల్ అక్షరాలు వెలిసిపోయి గులాబీ రంగుకి తిరిగాయి. మొదటి రోల్ బోర్డులు మాత్రం దానిమ్మ గింజల్లా అలాగే ఉన్నాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి చెప్పు? రెండు బోర్డులూ కంపెనీ వాళ్లకి చూపిస్తే చాలు.

మీ మామయ్య చూపించలేదు. షాపు ఆయన నలుగురి ముందు "రంగు వెలిసిందేంటండీ" అన్నాడని ఆయనకి తల కొట్టేసినట్టయింది. దసరా ముందు, ఆ రాత్రే నిచ్చెన వేసుకుని అన్ని బోర్డుల మీదా అక్షరాలు గీకేశారు. గీకిన ముక్కలన్నీ మున్సిపాలిటీ కుండీలో పడేశారు. గొట్టాలు ఎప్పుడో చీరలు చుట్టుకోవడానికి కావాలంటే పక్క పాలిషింగ్ షాపు వాళ్లకి ఇచ్చేశారు. తెల్లవారి డీలర్‌కి ఫోన్ చేసి అనరాని మాటలన్నీ అన్నారు. ఆ తర్వాత కంపెనీ వాళ్ల ఆఫీసుకి చేసి, ఎత్తిన వాళ్లనీ అన్నారు.

అయినా కంపెనీ ఒక మనిషిని పంపింది. చేతిలో భూతద్దం, ఒక నోట్‌బుక్కు. కాఫీ ఇస్తే తాగి, నెమ్మదిగా అడిగాడు. లాట్ నంబర్ ఉందా? వెలిసిన ముక్క ఒక్కటైనా ఉందా? మిగిలిన రోల్ ఉందా? నేను బిల్లు తెచ్చి ఇచ్చాను. బిల్లు మీద లాట్ నంబర్ లేదు. అతను బిల్లు చూసి, మావైపు చూసి, "ఏం చూసి రాయమంటారమ్మా?" అన్నాడు. చెడ్డవాడు కాదు. రాయడానికి అతనికి మేం ఏమీ మిగల్చలేదు.

చిట్టీ పాడి ఆ నష్టం కట్టుకున్నాం. అది పోతే పోయింది, డబ్బు మళ్లీ వచ్చింది. కానీ ఆ రాత్రి చివరి బోర్డు దగ్గర తడి నేల మీద నిచ్చెన జారి మీ మామయ్య కుడి మణికట్టు విరిగింది. అది కుంచె పట్టే చెయ్యి. రేకు మీద ఎనామిల్‌తో అక్షరం రాస్తే తలకట్టు ఒక్క విసురులో పెట్టేవారు, చూడ్డానికి పిల్లలు మూగేవాళ్లు. కట్టు విప్పాక ఆ విసురు తిరిగి రాలేదు. ఒకరికి చెప్పుకునే మనిషి కాదు. నాకు మాత్రం తెలుసు.

అప్పటి నుంచి ప్రతి రోల్ విప్పగానే చివర జానెడు ముక్క కోసి, స్టిక్కర్ ఊడదీసి, రెండూ కలిపి బిల్లుకి పిన్ను కొట్టేదాన్ని. వెనక ఏ బోర్డుకి వాడామో, ఏ తేదీన అంటించామో రాసేదాన్ని. నువ్వూ అలాగే చెయ్యి. ఒకే బోర్డుకి రెండు లాట్లు కలపకు.

ఇక కంపెనీతో మాట. ముందు మెయిల్, తర్వాతే ఫోన్. డీలర్‌ని వదిలేసి పైకి వెళ్లకు, బిల్లు అతనిది. మెయిల్ అతనికే రాసి కంపెనీకి కాపీ పెట్టు. బిల్లు నంబర్, రోల్ కోడ్, లాట్ నంబర్, ప్రింటర్, ఇంకు, ఎంతసేపు ఆరబెట్టావు, ఏ షీటు మీద ఏ రోజు అంటించావు, ఎప్పుడు లేవడం మొదలైంది, అన్నీ ఒకేసారి ఇచ్చెయ్యి. లేకపోతే రోజుకో ప్రశ్న అడుగుతూ నెల గడిపేస్తారు. ఫోటోలు జత చెయ్యి. శాంపిల్ పంపమంటే సగమే పంపు, సగం నీ దగ్గర ఉంచుకో. మిగిలిన రోల్ చుట్టి పక్కన నిలబెట్టు, చవకలో అయిపోతుందని చిన్న పనులకి వాడకు. చెప్పడం ఆలస్యం చేస్తే చట్టం కూడా నీ పక్కన ఉండదు. 1930 సరుకుల అమ్మకం చట్టం 42వ సెక్షన్ ప్రకారం, వద్దని చెప్పకుండా తగిన గడువు దాటేదాకా ఉంచుకుంటే సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. అందుకే మెయిల్ ఈ రోజే వెళ్లాలి.

ఏం కావాలో తేల్చి అడుగు. "న్యాయం చేయండి" అంటే ఎవరూ ఏమీ ఇవ్వరు. కొత్త రోల్ కావాలా, జీఎస్‌టీతో సహా క్రెడిట్ నోట్, అంటే బిల్లు డబ్బు తగ్గించి ఇచ్చే కాగితం కావాలా చెప్పు. క్రెడిట్ నోట్ తీసుకుంటే మీ అకౌంటెంట్‌కి చెప్పు, ఆ బిల్లు మీద నువ్వు తీసుకున్న జీఎస్‌టీ ఇన్‌పుట్ క్రెడిట్ ఆ మేరకు వెనక్కి వెయ్యాలి. వారంటీ కాగితం చదివితే నీకు కోపం వస్తుంది. మామూలుగా వినైల్ వరకే ఇస్తామని, అంటించిన కూలీ తమది కాదని రాసి ఉంటుంది. కూలీ కూడా అడుగు, ఇస్తే మంచిదే, ఇవ్వకపోతే దాని కోసం రోల్‌ని పోగొట్టుకోకు.

ఫోన్ చేసినప్పుడు ఫిర్యాదు నంబర్, మాట్లాడిన వాళ్ల పేరు రాసుకో. పెట్టేశాక "మీరు ఇలా చెప్పారు" అని రెండు లైన్ల మెయిల్ పెట్టు. ఆ ఫోన్ ఎత్తే అమ్మాయి నీ ఈడుదే అయి ఉంటుంది బిడ్డా, ఆ రోల్ ఆమె చెయ్యలేదు. నీ ఫైలు పై వాళ్ల టేబుల్ మీద పెట్టేది మాత్రం ఆమే.

అప్పటికీ కదలకపోతే 1915కి చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వ్యాపారం కోసం కొన్నావు కాబట్టి నువ్వు వినియోగదారువి కావని ఎవరో ఒకరు అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొని వాడుకునే వాళ్లు వినియోగదారులే. నువ్వే కోసి, నువ్వే అంటించే షాపు కదా, ఆ మాట ధైర్యంగా చెప్పు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యడానికి రెండేళ్ల గడువు ఉంది, తొందరపడి ఇప్పుడే లాయర్ నోటీసు మాట ఎత్తకు. ఆ మాట ఎత్తగానే మెయిళ్లు లీగల్ వాళ్ల దగ్గరకి పోతాయి, ఇక నీతో ఎవరూ మామూలుగా మాట్లాడరు.

నీ కస్టమర్‌కి మాత్రం ఈ రోజే వెళ్లి చెప్పు. ఆయన చూసి అడిగేదాకా ఆగకు. "సరుకు తేడా వచ్చింది, నేను మార్చి ఇస్తాను, ఇన్ని రోజులు పడుతుంది" అని సూటిగా చెప్పు. మధ్యలో తాత్కాలికంగా బ్యానర్ కావాలంటే గుడ్డది వెయ్యి. వంద మైక్రాన్లకన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు 2022 జూలై 1 నుంచి నిషేధం, ఉన్న తలనొప్పి చాలు.

బోర్డు మార్చే రోజు పగలే పెట్టుకో. వాన పడిన నేల మీద నిచ్చెన వెయ్యకు, కింద పట్టుకునే మనిషి లేకుండా ఎక్కకు. పైన కరెంటు తీగలుంటే అల్యూమినియం నిచ్చెన అసలు తేవద్దు. ఎవరు ఎంత తొందరపెట్టినా రాత్రి ఎక్కనని నాకు మాటివ్వు. మిగతావి ఏవి మరిచిపోయినా ఫర్వాలేదు, ఇది ఒక్కటి వినాలి.

మెయిల్ రాసి పంపే ముందు నాకు వాట్సాప్‌లో పెట్టు, చదివి చెబుతాను. శనివారం మీ నాన్నతో షాపుకి వస్తున్నాను. బిల్లుల ఫైలు, పంచింగ్ మెషీన్ నేనే తెస్తాను, నువ్వు కొనకు.

మీ అత్త