కొద్దిగా కదిలి ఆగిపోయే పవర్ సీటు: మోటారు మార్చే ముందు చూడవలసినవి

మీ కారులో డ్రైవర్ సీటు ముందుకూ వెనక్కూ జరగడం మానేసిందనీ, ఎత్తు పెంచే స్విచ్చు, వీపు వాల్చే స్విచ్చు మాత్రం మామూలుగానే పనిచేస్తున్నాయనీ, రాత్రంతా వదిలేస్తే ఉదయం నాలుగు వేళ్ల మేర కదిలి మళ్లీ మొరాయిస్తోందనీ రాశారు. సర్వీస్ సెంటర్ వారు మోటారుతో సహా కింది ఫ్రేమంతా మార్చాలన్నారట. హైదరాబాదులో మేము సెకండ్ హ్యాండ్‌లో కొన్న సెడాన్‌లోనూ ఇంచుమించు ఇవే లక్షణాలు కనిపించాయి. మోటారు మార్చకుండా, సీటు ఊడదీయకుండా, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే దాన్ని బాగుచేసుకోగలిగాను. మీరు మాటవరసకు చెప్పిన ఆ ‘ఉదయం కొంచెం కదులుతుంది’ అన్న సంగతే అన్నింటికన్నా విలువైన ఆధారమని నా అభిప్రాయం.

సీటు మోటార్లలో చాలావాటికి లోపలే వేడిని బట్టి కరెంటును ఆపే రక్షణ ఏర్పాటు ఉంటుంది. మోటారు తిరగలేక ఇరుక్కుంటే అది లాగే కరెంటు ఒక్కసారిగా పెరిగి, వేడెక్కి, ఆ రక్షణ తెగుతుంది. చల్లారాక దానంతట అదే కలుస్తుంది. కాబట్టి విశ్రాంతి ఇచ్చిన తరువాత కాస్తయినా కదిలే సీటులో ఫ్యూజు, స్విచ్చు, మోటారు మూడూ ప్రాణంతోనే ఉన్నాయని దాదాపుగా అనుకోవచ్చు. మోటారుకు శక్తి లేక కాదు, దారిలో ఏదో అడ్డుపడటం వల్లనే సీటు ఆగుతోందన్నమాట. మోటారు లోపల అరిగిన బ్రష్షులు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు), వదులైన కనెక్టర్ కూడా అప్పుడప్పుడు ఇలాంటి నాటకమే ఆడతాయి గనుక తేల్చుకోవడానికి కింద చెప్పే పరీక్ష చేయండి. అంతవరకు దయచేసి స్విచ్చును పదేపదే నొక్కకండి. ఇరుక్కున్న మోటారును అలా బలవంతపెడితే గేర్‌బాక్సులోని ప్లాస్టిక్ పళ్లు అరిగిపోయి, సర్వీస్ సెంటర్ వారు చెప్పిన ఖర్చు నిజంగానే వచ్చిపడుతుంది.

పరీక్షకు పనిముట్లేమీ అక్కరలేదు. ఇంజను ఆపి, తలుపు తీసి, లోపలి కప్పు దీపం వెలుగుతుండగా సీటు స్విచ్చును ఒక్క క్షణం నొక్కి వదలండి. దీపం కాంతి తగ్గితే కరెంటు మోటారు దాకా వెళుతోందనీ, మోటారే తిరగలేకపోతోందనీ అర్థం. కాంతిలో ఏ మార్పూ లేకపోతే కరెంటు మధ్యలోనే ఎక్కడో ఆగిపోతోంది. ఎల్‌ఈడీ దీపాలున్న కార్లలో ఈ తేడా కంటికి తెలియకపోవచ్చు. అప్పుడు మోటారు కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టి, మరొకరిని స్విచ్చు నొక్కమనాలి. పన్నెండు వోల్టులకు దగ్గరగా చూపితే లోపం మోటారులోనో, సీటు జారే పట్టాలలోనో ఉన్నట్టు. చెవి కూడా మంచి పరికరమే. గుయ్‌మని మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ సీటు కదలకపోతే మోటారుకూ సీటును జరిపే మర కడ్డీకీ మధ్య లంకె తెగింది. ‘టక్’మని ఒకే చప్పుడు వచ్చి నిశ్శబ్దమైతే మోటారు ఇరుక్కుందని అనుమానించవచ్చు.

అసలు లోపల ఏముందో తెలిస్తే వెతకడం తేలిక. సీటు కింద రెండు పట్టాలుంటాయి. ఒక్కొక్క పట్టా గాడిలో పొడవైన మర కడ్డీ, అంటే స్క్రూలా చుట్లున్న కడ్డీ, ఉంటుంది. రెంటికీ మధ్యలో ఒకే మోటారు ఉండి, దాని నుంచి ఇరువైపులా వంగే గుణమున్న తీగ కడ్డీలు, పాత స్కూటర్లలో స్పీడోమీటర్ కేబుల్ లాంటివి, చివర్లలో ఉన్న చిన్న గేర్‌బాక్సులను తిప్పుతాయి. అందరి కార్లలో అమరిక ఒకేలా ఉండదు, కొన్నింటిలో మోటారు నేరుగా పట్టాకే బిగించి ఉంటుంది. అయినా ఒక వైపు బిగుసుకుంటే రెండో వైపు కూడా ఆగవలసిందేనన్న సూత్రం ఎక్కడైనా ఒకటే.

చేయి పెట్టే ముందు ఒక హెచ్చరిక, దీన్ని దాటవేయవద్దు. సీటు వీపులో పక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తుంది. దాన్ని ఊడదీయకూడదు, గుంజకూడదు, మల్టీమీటర్ మొనలు దానికి తగిలించకూడదు. నేను చెప్పే శుభ్రపరిచే పనికి దానితో అవసరమే రాదు. సీటునే తీయవలసి వస్తే బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, కారు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి, ఆ తరువాతే కనెక్టర్ ముట్టుకోవాలి. కనెక్టర్ ఊడి ఉన్నప్పుడు ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం వెలిగి, స్కానర్‌తో (కారులో నమోదైన లోపాలను చదివి చెరిపే పరికరంతో) తుడిపించేదాకా చాలా కార్లలో ఆరదు. ఇంకొకటి: చేయి సీటు కింద ఉన్నప్పుడు స్విచ్చు దగ్గర ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, ఉండకూడదు. ఈ మోటార్లు మెల్లగా తిరుగుతాయి కానీ వేలు నలిపేసేంత బలం వాటికుంది.

ఎత్తు పెంచే మోటారు పనిచేస్తోందన్నారు కదా, అది మీ అదృష్టం. సీటును పూర్తిగా పైకి లేపితే కింద చేయి పట్టేంత చోటు దొరుకుతుంది. నేను వెనక సీటు వైపు నేలమీద కూర్చుని, ఫోన్ లైటు వేసి, రెండు పట్టాల వెంబడి మెల్లగా వీడియో తీశాను. తల దూర్చి చూడటం కన్నా ఇది ఎంతో నయం. ఎడమ పట్టా శుభ్రంగానే ఉంది. కుడి పట్టాలో, తలుపు వైపు, గ్రీజు నల్లగా గట్టిపడి తారులా అయిపోయింది. దానికి పల్లీ పొట్టు, ఇసుక, వెంట్రుకలు అంటుకున్నాయి. వాటి మధ్య సగం వంగిన జడపిన్ను ఒకటి మర కడ్డీకీ గేర్‌బాక్సు అంచుకూ నడుమ అడ్డంగా దిగబడి ఉంది. ఆ పిన్ను మా ఇంటిదో, కారు పాత యజమాని ఇంటిదో ఈనాటికీ తేలలేదు.

అలాంటి వస్తువు కనిపించగానే గుంజబుద్ధి పుడుతుంది, కానీ బిగిసి ఉండగా గుంజితే మర పళ్లు దెబ్బతింటాయి. సీటు ఏ దిక్కుకు వెళుతూ ఆగిందో దానికి వ్యతిరేక దిక్కు స్విచ్చును తృటికాలం నొక్కి వదిలితే ఒత్తిడి సడలుతుంది. ఆ తరువాత స్విచ్చు మీద నుంచి చేయి తీసి, దాని దగ్గరికి ఎవరినీ రానీయకుండా, సన్నమూతి ప్లయర్‌తో పిన్నును తీశాను. అప్పుడు సీటు కదిలింది, అయితే గొణుగుతూ కదిలింది. గట్టిపడిన గ్రీజు పని ఇంకా మిగిలే ఉంది.

గ్రీజు విషయంలో మన ఇళ్లలో అలవాటైన కొబ్బరినూనె, మిగిలిపోయిన ఇంజన్ ఆయిల్ ప్రయోగాలు ఇక్కడ పనికిరావు. అవి దుమ్మును పిలిచి కూర్చోబెడతాయి, కార్పెట్‌కు మరక అంటిస్తాయి. తుప్పు వదిలించే పలుచని స్ప్రేలు ఆ పూటకు హాయిగా అనిపించినా త్వరగా ఆరిపోతాయి. పాత టూత్‌బ్రష్షుతో, ఐస్‌క్రీమ్ పుల్లతో పాత గ్రీజును గీకి, గుడ్డతో తుడిచి, సీటును చివరిదాకా జరిపి దాగిన భాగాన్నీ తుడిచి, ఆ తరువాతే తెల్ల లిథియం గ్రీజును పలుచగా, మర కడ్డీ మీదా పట్టా జారే అంచుల మీదా రాయాలి. సీటును రెండు చివరలకూ నాలుగైదు సార్లు తిప్పితే గ్రీజు సమంగా పరుచుకుంటుంది. చివర తగలగానే స్విచ్చు వదిలేయండి. మిగులు గ్రీజు అంతా తుడిచేయండి, లేకపోతే మళ్లీ పల్లీ పొట్టుకు ఆతిథ్యమిచ్చినట్టే.

మీ కారులో పట్టాల్లో ఏ అడ్డూ కనిపించకపోతే రెండు పట్టాలూ సమానంగా ఉన్నాయో లేదో కొలవండి. ఒక్కొక్క పట్టా చివరి నుంచి సీటు ఫ్రేము అంచు దాకా టేపు పెట్టి చూడండి. ఒకవైపు తీగ కడ్డీ చివర అరిగి జారితే ఆ వైపు వెనకబడి, సీటు ఓరగా నిలిచి, బిగుసుకుపోతుంది. బయటికి చూస్తే అచ్చంగా మోటారు పాడైనట్టే ఉంటుంది. అప్పుడు కడ్డీలను మోటారు వైపు నుంచి విడదీసి, వెనకబడిన వైపును చేత్తో తిప్పి సమానానికి తెచ్చి, మళ్లీ కలపాలి. ఓపిక కావాలి, కష్టమైన పనేమీ కాదు. అరిగిన కడ్డీని మాత్రం మార్చవలసిందే; అది ఒక్కటీ విడిగా దొరుకుతుందేమో పాత కార్ల విడిభాగాల దుకాణాల్లో అడగండి, ఫ్రేమంతా కొనడం చివరి మాట కావాలి.

దీపం పరీక్షలో కాంతి తగ్గకపోతే దారి వేరు. మీ సీటులో మిగతా కదలికలు పనిచేస్తున్నాయి గనుక, అన్నింటికీ ఒకే ఫ్యూజు ఉన్న కారైతే ఫ్యూజు మీద అనుమానం అక్కరలేదు. సీటు జరిగినప్పుడల్లా దానితోపాటు వంగే తీగల కట్టను, ముఖ్యంగా అది ఫ్రేము అంచుకు రాసుకునే చోట, వేళ్లతో తడిమి చూడండి. ఆ తరువాత స్విచ్చు: చాయో కూల్‌డ్రింకో ఒలికి ఆరిన చక్కెర లోపలి కాంటాక్టులను అంటి ఉండవచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం ఇంటి మరమ్మతు వద్దంటాను. కారు నీట మునిగిన చరిత్ర ఉంటే, ఉదాహరణకు 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరదలో చిక్కుకున్నవాటిలో ఒకటైతే, సీటు కింది కనెక్టర్లలో పచ్చని చిలుము పట్టి ఉండే అవకాశం ఉంది. వాటిలో ఎయిర్‌బ్యాగ్‌ది కూడా ఒకటి. సెకండ్ హ్యాండ్ కారైతే కార్పెట్ ఎత్తి కింద ఒండ్రు మట్టి ఉందేమో ముందే చూడండి, ఉంటే తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి.

దీపం కాంతి తగ్గిందా లేదా, రెండు పట్టాల కొలతల్లో తేడా ఎంత వచ్చింది, ఈ రెండూ ఇక్కడే రాయండి. వీలైతే కుడి పట్టా ఫోటో కూడా పెట్టండి. తలుపు వైపు ఉండటం వల్ల చెత్త ఎక్కువగా చేరేది అక్కడే.