గుంటడి మెట్రిక్‌కి ముందు

అమ్మీ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మెట్రిక్ కాగానే గుంటడిని వైజాగ్ హాస్టల్లో వేసి ఇంటర్ చదివించాలా, ఇక్కడే ఒడిశాలో, మన పర్లాకిమిడిలో ప్లస్ టూలో చేర్చాలా అన్నావు. ఈ ఊళ్లో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పాను కదా, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అందరూ హాస్టల్ ఫీజు దగ్గర మొదలుపెడతారు. నువ్వు కాగితాల దగ్గర మొదలుపెట్టు.

ఆంధ్రాలోని పాతపట్నం మనకి పక్కనే, సంతకి వెళ్లొచ్చినంత సులువు. సీట్ల లెక్కకి వచ్చేసరికి మాత్రం అది పరాయి రాష్ట్రమే. ఆంధ్రా ఇంజినీరింగ్ కాలేజీల్లో ర్యాంకుని బట్టి ఇచ్చే కన్వీనర్ సీట్లు 85 శాతం లోకల్ పిల్లలవి. చదువు లెక్కన లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్‌తో కలిపి వరసగా నాలుగేళ్లు అక్కడ చదివుండాలి. ఉత్త ఇంటర్ రెండేళ్లూ చాలవు. ఇక్కడేమో రెసిడెంట్ సర్టిఫికెట్ అడుగుతారు. ఏ రాష్ట్రం సీటుకి పోటీ పడతాడో తేల్చుకోకుండా పంపావంటే రెంటికీ చెడ్డ రేవడవుతాడు. కులం కాగితమూ అంతే. ఆంధ్రాలో బీసీ అయినంత మాత్రాన ఒడిశా జాబితాలో ఉండాలని లేదు. తహసీల్దారు ఆఫీసుకి వెళ్లి ఇప్పుడే కనుక్కో, పరీక్షల ముందు కాదు.

మా పెద్దాడి సంగతి నీకు పూర్తిగా తెలీదు. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, ఇక్కడివాళ్లు చివర రాస్తారు. వాడి స్కూలు రిజిస్టర్లో ఒకలా, సర్టిఫికెట్లో ఇంకోలా పడింది. అడ్మిషన్ రోజున గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఈ ఇద్దరూ ఒక్కరేనని రుజువేదండీ?" అన్నాడు. పక్కనే నిలబడ్డ వాడు రుజువు కాదట! అఫిడవిట్ రాయించి రెండుసార్లు కటక్ తిరిగాను. ఆధార్, స్కూలు రిజిస్టర్, కులం కాగితం మూడూ నేలమీద పరిచి, పేరు అక్షరం అక్షరం సరిచూడు. బోర్డుకి వెళ్లాక దిద్దించడం కష్టం.

ఇక భాష. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు, పోటీ పరీక్షల పుస్తకాలు ఇంగ్లీషు. వాడు తెలివితక్కువవాడు కాదమ్మీ, మాటల మధ్య నలుగుతున్నాడు. ఒక నోట్‌బుక్కులో మూడు భాషల మాటలకీ మూడు గళ్లు గీయించు. త్వరణం అక్కడా త్వరణే. వర్గమూలాన్ని బర్గమూళ అంటారు, అంతే తేడా. కిరణజన్య సంయోగక్రియ దగ్గరే చిక్కు, ఒడియాలో దానికి పూర్తిగా వేరే పేరు. రాత్రి అన్నాలయ్యాక ఆ రోజు పాఠం నీకు తెలుగులో చెప్పమను. నీకు సైన్సు రాదని సిగ్గుపడకు, రాకపోవడమే మంచిది. నీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి వచ్చినట్టే. పిల్లలకి చదువు వాడుక మాటల్లో చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు మాస్టరీ చేసింది ఈ ఊళ్లోనే కదా!

అలాగని నీట్ తెలుగులో రాసేస్తాడనుకోకు. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. బరంపురంలో రాస్తే ఒడియాయో హిందీయో ఇంగ్లీషో. అందుకే ఇంగ్లీషు గడి ఖాళీ వదలనివ్వకు. నీట్‌లో ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత. తెలీనిది వదిలేయడం కూడా ఇప్పటినుంచే అలవాటు కావాలి. మన గుంటడికి ఆ ఓర్పు లేదు, వాళ్ల తాత పోలిక.

డాక్టరో ఇంజినీరో అన్నది వాడినే తేల్చుకోనీ. బరంపురంలో ఐసర్ అని కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ ఉంది, సైన్సు మీద మనసున్నవాళ్లకి అదీ ఒక దారి. దాని ప్రవేశ పరీక్ష వేరు. వాడు ఫోను పట్టుకుని కూర్చోవడం గురించి నేనేం చెప్పను, మా ఇంట్లోనే నెగ్గలేకపోయాను.

చిన్నదాన్ని మరిచిపోకు. ఎనిమిదిలో ఉంది, పైగా సర్కారు బడి. మీ ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించు. నెగ్గితే తొమ్మిది నుంచి ప్లస్ టూ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. హెడ్మాస్టర్ని నువ్వే అడుగు, ఆయన పిలిచి చెప్తాడని కూర్చోకు.

ఆదివారం కాగితాల సంచీ పట్టుకుని రా. గుంటడినీ తీసుకురా, త్వరణం పాఠం మీ అత్తకి చెప్పమందాం.

మీ మావయ్య