నీటి చుక్కలు మసకగా వస్తున్నాయన్నారు కదా, ఇలా చేసి చూడండి

అన్నా, వాన వెలిశాక అనంతపురంలో మీ పెరటి మొక్కలను 50 ఎంఎం లెన్సుకు ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (దగ్గరి వస్తువులను పెద్దగా తీసేందుకు కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టే గొట్టం) వేసి ఫోటోలు తీశానన్నారు. ఆకు స్పష్టంగా, చుక్క మసకగా వస్తోందన్నారు. లెన్సులో తప్పేం లేదు, టెన్షన్ పడొద్దు. అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 1.8 దగ్గర బాగా తెరిచి ఉంచడమే కారణం. అంత దగ్గర నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరు కూడా ఉండదు. చుక్క ఎత్తు అంతకంటే ఎక్కువ. రంధ్రం చిన్నదయ్యేలా ఎఫ్ 8 లేదా ఎఫ్ 11 పెట్టండి, వెలుతురు తగ్గితే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి. దాంతో ఫోటోలో కాస్త ఇసుక చల్లినట్టు నలుసులు కనిపించినా పర్వాలేదు, కదిలిపోయిన బొమ్మను మాత్రం బాగుచేయలేం. షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదించనివ్వకండి, మన దగ్గర వాన ఆగినా గాలి ఆగదు.

ఫోకస్ రింగ్ తిప్పుతూ కూర్చోకండి. దాన్ని ఒకచోట ఉంచి, మీరే ఊపిరి బిగబట్టి మెల్లగా ముందుకు వంగుతూ నాలుగైదు తీయండి. ఒకటైనా కుదురుతుంది.

ఆకు కొసన వేలాడే చుక్కను వెతకండి. దాని వెనక అడుగు దూరంలో ఒక మందార పువ్వు ఉంటే, చుక్కలో ఆ పువ్వు తలకిందులుగా, గోరంత కూడా లేనంత చిన్నగా కనిపిస్తుంది. అప్పుడు ఫోకస్ చుక్క అంచు మీద కాదు, ఆ లోపలి పువ్వు మీద పెట్టండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫోటో ఇదే.

గుండ్రటి ముత్యాల్లాంటి చుక్కలు కావాలంటే చేమాకు చూడండి. దాని మీది సన్నటి మైనపు పొర నీటిని అంటనివ్వదు. ఫ్లాష్ మాత్రం నేరుగా కొట్టొద్దు, ప్రతి చుక్కలో తెల్లమచ్చ పడుతుంది.