కిస్తీలు తీరినా ఎన్‌ఓసీ ఇవ్వరా?

సందేహం: అయిదేళ్ల కారు లోను కిందటి నెలతో తీరిపోయింది. ఎన్‌ఓసీ (లోను తీరింది, ఇక అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) అడిగితే, మా బావమరిది ట్రాక్టర్ లోనుకు నేను ష్యూరిటీ ఉన్నానని, అది బాకీ పడింది కాబట్టి ఇవ్వబోమని ఫైనాన్స్ కంపెనీవాళ్లు నోటిమాటగా చెబుతున్నారు. కారు ఎక్స్ఛేంజ్‌లో ఇద్దామంటే, షోరూమువాళ్లు ‘సంతకాలు పెట్టి బండి ఇచ్చేయండి, ఎన్‌ఓసీ తర్వాత చూద్దాం’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఏలూరు జిల్లా

సలహా: ముందు ఆ కారు తాళాలు ఎవరికీ ఇవ్వకండి. లోను తీరినంత మాత్రాన ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు దానంతటది పోదు. ఫారం 35 మీద మీరూ, ఫైనాన్షియరూ సంతకాలు చేసి ఆర్టీఏ ఆఫీసులో ఇస్తేనే తీసేస్తారు. అప్పటిదాకా, ఆ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఆర్సీ ఇంకొకరి పేరు మీదికి మారదు. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ చెప్పేది ఇదే. అంటే షోరూమువాళ్లు బండి ఎవరికి అమ్మినా అది మీ పేరు మీదే తిరుగుతుంది. రేపు ఎవరినైనా గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది. ‘ఎప్పుడో అమ్మేశాను’ అన్న వాదన చెల్లదని, రికార్డులో పేరున్నవాడే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇక ష్యూరిటీ సంగతి. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప, అప్పు తీసుకున్నవారి మీద ఎంత బాధ్యత ఉందో మీ మీదా అంతే. కాబట్టి బాకీ మిమ్మల్ని అడిగే హక్కు వాళ్లకుంది. కానీ దానికోసం ఈ కారు కాగితాలు పట్టుకోవచ్చా అన్నది వేరే ప్రశ్న. మీ కారు లోను అగ్రిమెంటు తీసి చదవండి. ఇతర బాకీలకు కూడా ఈ బండే సెక్యూరిటీ అన్న షరతు చిన్న అక్షరాల్లో చాలావాటిలో ఉంటుంది. అది లేకపోతే వాళ్ల వాదన బలహీనం. ఉన్నా సరే, బాకీ ఎంత, ఎందుకు ఆపుతున్నారు అన్న పూర్తి వివరాలతో మీకు నోటీసు ఇవ్వాలని ఆర్‌బీఐ నియమావళి అంటోంది. నోటిమాట కుదరదు.

అందుకే ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. లోను నంబరు, ఆఖరి కిస్తీ కట్టిన తేదీ చూపించి, అకౌంట్ స్టేట్‌మెంటు, ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 అడగండి. ఇవ్వకపోతే కారణం రాసివ్వమనండి. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో పత్రాలివ్వాలని, తమ తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చెల్లించాలని ఆర్‌బీఐ 2023 సెప్టెంబరు 13న ఉత్తర్వు ఇచ్చింది, దాన్నీ ప్రస్తావించండి. అయితే బావమరిది బాకీ నిజమే అయి, అగ్రిమెంటులో ఆ షరతు కూడా ఉంటే ఈ పరిహారం మీద ఆశ పెట్టుకోకండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారి) ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. రెండేళ్లలోపు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు.

నా మటుకు నేను, బాకీ రెండు మూడు కిస్తీలే అయితే ముందు బావమరిదిని కూర్చోబెట్టి మాట్లాడమంటాను. ఆయన బదులు మీరు కట్టాల్సి వచ్చినా, రసీదు మీ పేరున తీసుకోండి. ఆ డబ్బు ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ మీకిస్తోంది. చుట్టరికం చూసి రసీదు వదిలేస్తే మాత్రం రుజువు ఉండదు.

ఒకవేళ కారు అమ్మకుండా ఉంచుకుంటే, ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు తీసేశాక ఇన్సూరెన్స్ పాలసీలో కూడా ఆ పేరు తీయించండి. లేకపోతే బండి పూర్తిగా పాడైనప్పుడు క్లెయిము డబ్బు కోసం మళ్లీ ఆ ఆఫీసుకే తిరగాలి.