షుగరుకు పొడపత్రి వాడుతుంటే మాత్రలు మానేయవచ్చా?

తమ అమ్మగారు నెల రోజులుగా పొడపత్రి పొడి తీసుకుంటున్నారనీ, ఇక ఇంగ్లీషు మందు అక్కరలేదంటున్నారనీ, మాత్రలు ఆపవచ్చా అనీ మీరు అడిగారు. ఆపకూడదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే మా ఇంట్లో జరిగినది చెప్పాలి.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. నాన్నగారికి పన్నెండేళ్లుగా షుగరు ఉంది. మూడేళ్ల కిందట ఒకనాటి ఉదయం ఆయన చేని గట్టున కంపమీద అల్లుకున్న పొడపత్రి తీగనుంచి రెండు ఆకులు తుంచి, బాగా నమిలి, నన్ను బెల్లం ముక్క తెమ్మన్నారు. చిత్తూరు మండీనుంచి తెచ్చిన మంచి బెల్లమే ఇచ్చాను. నోట్లో వేసుకోగానే ఆయన ముఖం మారిపోయింది. "ఏమ్మా, బెల్లమని చెప్పి మన్ను పెట్టినావా?" అన్నారు. నేనూ ఒక ఆకు నమిలి చూశాను. చక్కెర పళ్ల కింద ఇసుకలాగా కరకరలాడిందే తప్ప తీపి అన్నది తెలియలేదు. చింతపండు పులుపు మాత్రం ఎప్పటిలాగే తెలిసింది. అరగంట దాటితేగాని నాలుక మామూలు స్థితికి రాలేదు.

ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకమీద తీపిని గుర్తించే గ్రాహకాలను కాసేపు అడ్డగిస్తాయి. నాలుకమీద తీపిని చంపినది నెత్తురులోని తీపినీ చంపి తీరుతుందని నాన్నగారు నిశ్చయించుకున్నారు. తీపిని నాశనం చేసేది అనే అర్థంలో పొడపత్రికి ఉన్న మధునాశిని అనే మరో పేరే అందుకు సాక్ష్యమన్నారు. తిరుపతిలోని ఒక దుకాణంవారు ఈ పొడి ఉంటే మాత్రలతో పని లేదని చెప్పి పొట్లాలు ఇచ్చారు. షుగరుకు వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ మాత్రలు రసాయనాలంటూ ఆయన బీరువాలో పెట్టేశారు. ఐదు వారాలు గడిచాక ఒక రాత్రి ఏడుసార్లు మూత్రానికి లేచి, చెంబెడు నీళ్లు తాగినా దాహం తీరక, తెల్లవారేసరికి మంచంమీదనుంచి లేవలేకపోయారు. పరగడుపున పరీక్ష చేయిస్తే రక్తంలో చక్కెర 340 ఉంది.

నన్ను ఎక్కువగా బాధించిన సంగతి తరువాత తెలిసింది. ఆయన రసాయనమని పక్కన పెట్టిన ఆ మాత్ర పుట్టుక వెనుక ఉన్నదీ ఒక మొక్కే. ఐరోపాలో చిక్కుడు కుటుంబానికి చెందిన గలేగా అనే మొక్కను పూర్వం నాటువైద్యంలో వాడేవారు. అందులోని గలెగిన్ రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది గాని, ఆ మొక్కను మేసిన గొర్రెలు చచ్చిపోయేంత విషం కూడా అందులో ఉంది. దానికి దగ్గరి పోలిక గల మెట్‌ఫార్మిన్‌ను 1922లో ప్రయోగశాలలో తయారుచేశారు. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు దానిని షుగరు రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించారు. మొక్కలోని గుణాన్ని పట్టుకుని, విషాన్ని తప్పించి, ఎంత ఇవ్వాలో తూచి తేల్చడానికి అన్నేళ్లు పట్టింది. మొక్కలమీద భక్తి ఉన్నవారు ముందుగా గౌరవించవలసింది ఆ తూకాన్నే అని నా గట్టి నమ్మకం.

పొడపత్రిలో సత్తువ లేదని నేను అనడం లేదు. 1990లో మద్రాసు పరిశోధకులు 22 మంది షుగరు రోగులకు ఆ ఆకు సారాన్ని రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున 18 నుంచి 20 నెలలపాటు ఇచ్చి, చక్కెర తగ్గిందని ప్రచురించారు. ఐదుగురు మాత్రలు మానగలిగారు కూడా. అయితే ఆ సారాన్ని వారు మామూలు మాత్రలతోపాటే, లెక్క ప్రకారం, పరీక్షలు చేస్తూ ఇచ్చారు. మా ఇంటికి వచ్చిన పొట్లంమీద ఏముంది? ఆకుపచ్చ దేవుడి బొమ్మ, ధర. ఆకు ఎప్పుడు కోశారో, ఎండలో ఆరబెట్టారో నీడలోనో, అందులో జిమ్నెమిక్ ఆమ్లాలు ఎంతో, అసలు అది పొడపత్రేనో కాదో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. ఎరువు సంచిమీద కూడా నత్రజని శాతం అచ్చు వేస్తారే, మనుషులు మింగే పొడికి ఆ మాత్రం లెక్క అక్కరలేదా?

మీ అమ్మగారిని ఆ పొట్లంతో సహా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. మాత్ర, పొడి రెండూ కలిసి చక్కెరను మరీ దించేసే అవకాశమూ ఉంది గనుక పొడి సంగతి డాక్టరు దగ్గర దాచకండి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి.

నాన్నగారు ఇప్పుడు రెండు పూటలా మాత్ర వేసుకుంటున్నారు. తీగ కూడా గట్టుమీద అలాగే ఉంది. పెళ్లిభోజనాలకు వెళ్లేటప్పుడు ఆకు నమిలి వెళతారు, పాయసంమీద మనసు పోకుండా. కొండమీదనుంచి లడ్డూ వచ్చిన రోజున మాత్రం నమలరు. స్వామి ప్రసాదాన్ని రుచి తెలియకుండా తినడం అపచారమని, గోరంత తుంచుకుని కళ్లకద్దుకుని తింటారు.