ఆడవేషానికి వన్స్‌మోర్ కొట్టే ఊళ్లో గే అని చెప్పుకుని నాటకాలు వేయగలమా?

మీ ప్రశ్న ఇదీ: "నాది కోనసీమ. డిగ్రీ అయిపోయింది. నాటికలు రాస్తాను, వేస్తాను. నేను గేని. అమెరికాలో హార్వే ఫయర్‌స్టీన్ అనే నటుడు, నాటక రచయిత ఈ సంగతి ఏనాడూ దాచకుండానే పైకొచ్చాడని చదివాను. నిజమేనా? మన దగ్గర అలా కుదురుతుందా?"

నిజమేనండి. కుదురుతుందా అంటే మాత్రం నా సంగతే చెప్పగలను. నాకు నలభై ఏడు. మాది కొత్తపేట దగ్గర పల్లె, ఉద్యోగం రాజమండ్రిలో. పదిహేడో ఏట మొదలుపెట్టి పదేళ్లు తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, ఆడవేషాలు కట్టాను. అప్పటికే పద్యనాటకాల్లో ఆడవాళ్లే ఆడపాత్రలు వేస్తున్నారు. ఆర్టిస్టుని పిలిపించే స్తోమత మా ట్రూపుకి లేక ఆ వేషాలు నాకు దక్కాయి. ఇప్పుడు పరిషత్తులకి, అంటే నాటిక పోటీలు పెట్టే సంఘాలకి, నాటికలు రాస్తుంటాను. నేనూ గేనే.

ఫయర్‌స్టీన్‌ని పేరు తెలియకుండానే మీరు చూసి ఉంటారు. 1993లో వచ్చిన 'మిసెస్ డౌట్‌ఫైర్'లో రాబిన్ విలియమ్స్‌ని పెద్దావిడగా తయారుచేసే మేకప్ మనిషి, హీరో అన్నదమ్ముడు ఫ్రాంక్, ఆయనే. రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటుంది గొంతు. ఆ సినిమాలో ఫ్రాంక్ ఇంట్లో ఆయనతో కాపురం ఉండే మగమనిషి ఉంటాడు. దాని మీద ఎవరూ లెక్చర్ ఇవ్వరు, ఉంటాడు అంతే. అదే తరహా కథతో కమల్ హాసన్ తమిళంలో చేసిన సినిమా మనకి 'భామనే సత్యభామనే'గా వచ్చింది. అందులో మేకప్ మనిషి నాగేష్. నాగేష్ బ్రహ్మాండంగా చేశాడు, దానికి వంక పెట్టను. కానీ చూశారా, చీరా విగ్గూ సముద్రం దాటి వచ్చాయి, ఆ జంట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ సినిమా వచ్చినప్పుడు నేను తీర్థాల్లో చంద్రమతి కడుతున్నాను. నాలుగుసార్లు చూశాను. అసలు కథలో నాలాంటివాడు ఒకడున్నాడని అప్పుడు నాకు తెలియనే తెలియదు.

ఆయన 1952లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రిది చేతిరుమాళ్లు తయారుచేసే వ్యాపారం, తల్లి బడిలో లైబ్రేరియన్. చదివింది చిత్రకళ. ఎల్లెన్ స్టూవర్ట్ అనే ఆవిడ నడిపిన 'లా మామా' అన్న చిన్న ప్రయోగశాల లాంటి థియేటర్‌లో, 1971లో చిత్రకారుడు ఆండీ వార్హోల్ నాటకంతో స్టేజీ ఎక్కాడు. తనలాంటి వాళ్ల గురించి రాసిన వేషాలు అప్పట్లో ఎలా ఉండేవంటే, నవ్వుల పాలయ్యేవాడు, లేదా ఆఖరి అంకంలో చచ్చేవాడు. ఈయన తన వేషం తనే రాసుకున్నాడు. 1978, 79ల్లో అదే లా మామాలో ఒకటి తర్వాత ఒకటిగా మూడు నాటికలు వేశాడు. వాటిని కలిపితే నాలుగు గంటల 'టార్చ్ సాంగ్ ట్రిలజీ' అయింది. 1982లో న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వే చేరింది, వెయ్యికి పైగా ఆటలు ఆడింది. టోనీ అంటే అక్కడి నాటకాలకిచ్చే పెద్ద బహుమతి. 1983లో ఉత్తమ నాటకం, ఉత్తమ నటుడు, రెండు టోనీ అవార్డులూ ఆయనకే. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లే.

ఆ నాటకం పుస్తకం నాకు హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. ఏదో బూతు ఉంటుందని (అబద్ధమెందుకు, ఆశతోనే) తెరిచాను. తీరా చూస్తే మూడో భాగమంతా తల్లీకొడుకుల గొడవ. ఆర్నాల్డ్ అనేవాడు ఆడవేషం కట్టి క్లబ్బుల్లో పాడుతుంటాడు. ప్రేమించినవాడిని దుండగులు కొట్టి చంపేశారు. దిక్కులేని ఒక కుర్రాణ్ణి పెంచుకోబోతున్నాడు. ఊరి నుంచి తల్లి వస్తుంది. ఆవిడా భర్తని పోగొట్టుకుంది. నీ దుఃఖం నా దుఃఖంతో సమానమా అని ఆవిడ, ఎందుకు కాదని వాడు. చివరికి ఆవిడ పూర్తిగా ఒప్పుకోకుండానే పెట్టె పట్టుకుని వెళ్లిపోతుంది. రైల్లో చదువుతూ ఖమ్మం దగ్గర మూసేశాను, పక్కవాళ్లు చూస్తున్నారని. వాడికి కావలసింది ఒక ఇల్లు, ఒక పిల్లాడు, తల్లి దగ్గర కాస్త మర్యాద. మన పరిషత్తు నాటికల్లో పెద్దకొడుకు అడిగేవే కదా ఇవన్నీ!

తన వేషానికి తనే రాసుకోవడం మనకి కొత్తేమీ కాదు. ఆడవేషాలకి పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారు సత్యభామ కట్టినప్పుడు 'మీరజాలగలడా' పాట తనే రాసుకున్నారు. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. స్థానం వారి సొంత జీవితం గురించి నేనేదో సూచిస్తున్నానని అనుకోకండి, నటుడిగా మాత్రమే చెబుతున్నాను. మగవాడు ఆడదానిలా నడిస్తే నెత్తిన పెట్టుకునే జనం మనవాళ్లు. కాకపోతే అది తెల్లారేదాకే. ఒకసారి తీర్థంలో నా పద్యానికి రెండు వన్స్‌మోర్లు కొట్టించి, వంద నోటు నా పైటకి పిన్నుతో గుచ్చినాయన ఉన్నాడు. కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని పొద్దున్నే టీ కొట్టు దగ్గరికి వెళితే, ఆయనే "ఏరా ఆడంగీ, నడక మారలేదే" అన్నాడు. నోటు ఇంకా జేబులోనే ఉంది. దానితోనే టీ తాగాను.

అమ్మకి చెప్పింది 2019 వేసవిలో. అంతకు ముందు, 2018 సెప్టెంబరు 6న, మాలాంటివాళ్ల కాపురాన్ని నేరంగా చూసే 377 సెక్షన్‌ని సుప్రీంకోర్టు మా మీద నుంచి ఎత్తేసింది. టీవీలో రోజంతా అదే. అప్పుడు నోరు రాలేదు. ఎండాకాలంలో పనసపొట్టు కొడుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. కత్తి ఆపలేదు. కాసేపటికి, "నిన్ను ఆ ఆడవేషాలు కట్టనివ్వకుండా ఉండాల్సిందిరా" అంది. "నాకు ముందు చంద్రమతి కట్టినాయనకి ముగ్గురు పిల్లలు కదమ్మా" అన్నాను. ఆలోచించింది. "నిజమేలే, రెండో పెళ్లి కూడా చేసుకున్నాడు" అంది. ఆ రోజుకి అంతే.

మీరు అడిగిన కెరీర్ విషయం. ఒక పరిషత్తుకి ఇదే వస్తువుతో నాటిక పంపాను. కుటుంబ సమేతంగా చూసే నాటకాలే తీసుకుంటామని తిప్పి పంపారు. నా నాటికలో ఉన్నదే ఒక కుటుంబం, వంటగది దాటి బయటికి పోదు. అదే ఏడు వాళ్ల స్టేజీ మీద డబుల్ మీనింగ్ హాస్యానికి బహుమతి వచ్చింది. ఏడ్చానా అంటే, లేదు. తిట్టాను.

ఫయర్‌స్టీన్‌కి కూడా అన్నీ పూలబాటలు కావు. 1984లో 'లా కాజ్ ఓ ఫోల్' రచనకి టోనీ వచ్చింది, ఇద్దరు మగవాళ్ల కాపురం మీద భారీ మ్యూజికల్, అంటే పాటల నాటకం, అది. 1988లో కలిసి రాసిన 'లెగ్స్ డైమండ్' రెండు నెలలకే మూతపడింది. మందు అలవాటైంది, 1996లో మానేశాడు. మళ్లీ 2003లో 'హెయిర్‌స్ప్రే'లో తల్లి వేషానికి టోనీ. ఆ ఎడ్నా పాత్రలో ఆయన ఆడదాన్ని వెక్కిరించడు, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఒళ్లు హూనమైన ఒక అమ్మని చూపిస్తాడు. ఆడవేషం కట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, అది చాలా కష్టం.

కాబట్టి ముందు జీతం వచ్చే పని ఒకటి చూసుకోండి. మనలో నాటకం మీద ఇల్లు గడిచినవాడు గేలలోనే కాదు, ఎవరిలోనూ తక్కువే. ఇంట్లో ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం, ఇంటర్‌నెట్లో ఎవరో తొందరపెట్టారని చెప్పకండి. ప్రదర్శనకి మాత్రం పరిషత్తు కోసం ఎదురు చూడకండి. లా మామా కూడా చిన్న గదిలోనే మొదలైంది. నేను తిరిగొచ్చిన నాటికని స్నేహితుడి కొబ్బరికాయల కొట్టు అరుగు మీద వేశాను. ముప్పై మంది వచ్చారు. ఇద్దరు మధ్యలో లేచిపోయారు. ఒకాయన ఆఖర్న వచ్చి, "ఆయ్, మా బావమరిదీ ఇంతేనండి" అని మెల్లగా చెప్పి వెళ్లాడు.

అమ్మ కూడా వచ్చింది. ఇంటికెళ్లేటప్పుడు ఆటోలో ఏమీ మాట్లాడలేదు. వీధి మలుపు తిరిగాక అంది, "అంతా బానే ఉంది గానీ, ఆ తల్లి అంత తొందరగా ఒప్పేసుకుందేంట్రా?"

ఆ సీను మళ్లీ రాస్తున్నాను.